మూడు తలుపులు, ఒకే హ్యాండిల్

పొదుపు విషయంలో నన్ను మించిన మనిషి ఈ భూమ్మీద పుట్టలేదు. పుట్టినా, నా సంగతి విని సిగ్గుపడి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయి ఉంటాడు. అగ్గిపుల్లను నిలువునా నాలుగు చీలికలు చేసి వాడిన చెయ్యి ఇది. నా చేతిలో పడ్డ సబ్బుబిళ్ళ అరగడానికి జంకేది. ఒకసారి మా కొళాయి ఆగకుండా కారుతుంటే దాని ముందు నిలబడి కళ్ళెర్రజేసి చూశాను. అంతే, కింద గిన్నె పెడితే తప్ప చుక్క రాల్చడం మానేసింది. కోడలు ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని మొదలుపెట్టిన నాటి నుంచీ ఈ ఇంట్లో ఖర్చు తగ్గించిన ప్రతి ఉపాయమూ నా బుర్రలో పుట్టిందే. కావాలంటే గోడ మీద రాసుకోండి.

పోయిన వారం మిమ్మల్ని గుమ్మం దగ్గర నిలబెట్టి వెళ్ళిపోయాను. కాళ్ళు పీకుతూ ఉంటాయి, లోపలికి రండి. కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. మా వాడు బస్సులు బాగుచేసే షెడ్డులో పనిచేస్తాడు. అక్కడ పని సగానికి పడిపోయింది. అందుకని కోడలు, ఉద్యోగాలకు వెళ్ళే తల్లుల పిల్లల్ని పగలంతా మా ఇంట్లోనే చూసుకుంటోంది. ఇంటద్దె, కూరలు, కరెంటు అన్నీ ఆ బుడతల పుణ్యమే. దానికి ఆఫీసువాళ్ళ అనుమతి ఉండాలి. ఆ అనుమతి గడువు దగ్గరపడింది. దాన్ని పొడిగించడమా, ఈ పని మాన్పించడమా అన్నది తేల్చడానికి తనిఖీ మేడం చెప్పాపెట్టకుండా వచ్చి బెల్లు కొట్టింది. సరిగ్గా అదే సమయానికి మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క తలుపు హ్యాండిల్ కోడలి మెళ్ళో వేలాడుతోంది.

ఒకే ఒక్కటి ఏమిటని మళ్ళీ అడగకండి, చెబుతున్నాను. మా ఇల్లు పాతది. నడవలో మూడు తలుపులు: స్నానాలగది, పడకగది, వంటగది. మూడింటికీ ఎవరూ ఇప్పుడు తయారుచేయని రకం హ్యాండిళ్ళు. ఒకదాని వెనక ఒకటి విరిగాయి. ఇనప సామాన్ల కొట్టువాడు, “హ్యాండిల్ విడిగా దొరకదు పెద్దాయనా. తాళాలతో సహా మార్చుకోవాలి, మూడు తలుపులకీనూ” అంటూ లెక్కల మిషను దగ్గరికి లాక్కున్నాడు. ఆ మిషను మొహం చూడకుండా నేను ఇంటికి వచ్చేశాను. విరగకుండా మిగిలిన ఒక్క హ్యాండిల్‌నీ దాని చదరపు కడ్డీతో సహా ఊడదీశాం. ఏ తలుపు తీయాలంటే ఆ తలుపు కన్నంలో కడ్డీ దూర్చి తిప్పడం, పనయ్యాక లాగేసుకోవడం. ఎక్కడో పెట్టి మరచిపోకుండా దానికి ఎర్రదారం కట్టి కోడలు మెళ్ళో వేసుకునేది. పైగా హ్యాండిల్ లేని తలుపు పిల్లలు తీయలేరు కదా. పొయ్యి దగ్గరికి పోలేరు, నీళ్ళ బకెట్ల దగ్గరికి పోలేరు. ఖర్చూ తప్పింది, కాపలా కూడా కుదిరింది.

ఇక బెల్లు రెండోసారి మోగింది.

“దారం ఇలా ఇయ్యమ్మాయ్” అన్నాను. “తలుపులకి హ్యాండిళ్ళు లేవని చూసిందంటే ఆవిడ ఒక్క నిమిషం కూర్చోదు. నువ్వు ఆవిణ్ణి మాటల్లో పెట్టు. ఆవిడ ఏ గది చూడబోతే ఆ తలుపుకి నేను ముందే తగిలించి ఉంచుతా.”

“మావయ్యా, ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దాం.”

“చెబుదాం, ఎవరొద్దన్నారు. ఇవాళ అనుమతి తీసుకుని రేపు చెబుదాం.”

కోడలు నా మొహంలోకి చూసింది. బెల్లు మూడోసారి మోగింది. ఆ బెల్లే లేకపోతే కోడలు ఒప్పుకునేది కాదు. దారం తలమీంచి తీసి నా చేతిలో పడేసి తలుపు తీయడానికి వెళ్ళింది.

మేడం పొడుగ్గా, సన్నగా, గొడుగు మడతపెట్టినట్టు ఉంది. చెప్పులు విడిచి, సంచి భుజాన సర్దుకుని, ముందు పిల్లల్ని చూసింది. ఆ తర్వాతే మమ్మల్ని. పిల్లలు అట్టపెట్టెల లారీలు తోసుకుంటున్నారు. వాళ్ళలో మేనేజరు ఒక్కడే పని చేయకుండా, చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాడు. మేనేజరంటే బస్సు కండక్టరమ్మ కొడుకు. మూడేళ్ళ వాడు. ఎవరి కంచంలో ఎంత మిగిలింది, ఎవరి బొమ్మ ఎక్కడ పడి ఉంది, ఇవన్నీ వాడి శాఖ. నేను ఇంట్లో ఎటు నడిస్తే అటు నా వెనకే నడవడం కూడా వాడు తన ఉద్యోగంలో భాగమనే అనుకునేవాడు.

“ఈ చాపలు?” అంది మేడం.

“పాత దుప్పట్లు మడతలేసి కుట్టినవండి” అంది కోడలు.

“బాగున్నాయి. ఉతుక్కోవచ్చు.” మేడం ఏదో రాసుకుంది. నేను పక్కన నిలబడి, కుట్టింది నేనే అన్నట్టు గడ్డం పైకెత్తాను.

మొదట స్నానాలగది. హ్యాండిల్ దానికే తగిలించి ఉంచాను. మేడం తిప్పింది, తెరుచుకుంది. లోపల బకెట్లు చూసి అడిగితే, పిల్లల స్నానం నీళ్ళు ఎత్తిపెట్టి నేల తుడవడానికి వాడతామని కోడలు చెప్పింది. మేడం వంగి బకెట్ మూతలు ఎత్తి చూస్తుండగా నేను చల్లగా హ్యాండిల్ లాగేసి, రెండడుగుల్లో పడకగది తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యాను. కడ్డీ దూరుస్తుంటే నా మోకాలి దగ్గర ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. కిందికి చూస్తే మేనేజరు. కన్నంలోకి కడ్డీ ఎలా పోతోందో మెడ సాచి మరీ చూస్తున్నాడు.

“ఏంటి సార్?” అన్నాను. వాడు తల ఊపాడు, ఆమోదం ఇచ్చినట్టు.

పడకగది కూడా గట్టెక్కింది. మధ్యాహ్నం పిల్లలందర్నీ ఒకే గదిలో పడుకోబెడితే ఒకే ఫ్యాను చాలని కోడలు చెబుతోంది, మేడం రాసుకుంటోంది. నేను మళ్ళీ హ్యాండిల్ లాగేసి వంటగది వైపు నడిచాను. వంటగది తలుపు తెరిచే ఉంది. అది మూసుకోకుండా ఖాళీ రంగుడబ్బా ఒకటి అడ్డం పెట్టి ఉంటుంది. లోపల పొయ్యి మీద పిల్లల పాలు, సన్నటి మంట మీద కాగుతున్నాయి. ఇంకొక్క తలుపు. కడ్డీ దూర్చబోయాను.

“పెద్దాయనా, ఈ కిటికీ రెక్క పడుతుందా, బిగుసుకుపోయిందా?” అని పడకగదిలోంచి మేడం పిలిచింది.

నన్ను బలం చూపించమంటే నేను ఆగలేను. హ్యాండిల్‌ని వంటగది పక్కనున్న పొట్టి పీట మీద పెట్టి వెళ్ళాను. కిటికీ రెక్క ఒక్క లాగుతో మూసి, మేడం చేత “అబ్బో” అనిపించుకుని వచ్చాను. వచ్చేసరికి పీట మీద ఏమీ లేదు. రంగుడబ్బా నడవలోకి దొర్లుకుంటూ వస్తోంది. వంటగది తలుపు మూసి ఉంది.

తలుపు కింద సందులో ఎర్రదారం కొస ఒకటి కనబడుతోంది. దాన్ని పట్టుకోవడానికి నేను వంగేలోపే, పాము పుట్టలోకి పోయినట్టు లోపలికి పోయింది.

మీకు నవ్వొస్తుందేమో. నాకు మాత్రం రాలేదు. బయట కన్నం ఉంది, దూర్చడానికి హ్యాండిల్ లేదు. హ్యాండిల్ లోపల ఉంది, దాన్ని తిప్పే చెయ్యి మూడేళ్ళది. మా వాడి పనిముట్ల సంచి షెడ్డులో ఉంది. పాలు పొయ్యి మీదున్నాయి.

“అమ్మాయ్” అన్నాను. ఎంత మెల్లగా అన్నా ఆ పిలుపులో ఏదో వినబడినట్టుంది, కోడలు వెంటనే బయటికి వచ్చింది. నా చేతులు చూసింది. పీట చూసింది. మూసి ఉన్న తలుపు చూసింది. హాల్లోకి తొంగి చూసి పిల్లల తలలు లెక్కపెట్టుకుంది.

“నువ్వు మేడాన్ని హాల్లో కూర్చోబెట్టు” అని గుసగుసలాడాను. “మంచినీళ్ళివ్వు. ఈలోగా నేనేదో ఒకటి చేస్తా.”

“మంచినీళ్ళు వంటగదిలో ఉన్నాయి మావయ్యా” అంది కోడలు.

అని, వెనక్కి తిరిగి, గుమ్మంలోకి వచ్చిన మేడంతో మామూలు గొంతుతో చెప్పింది. “మేడం, మా ఇంట్లో మూడు తలుపులకీ కలిపి హ్యాండిల్ ఒకటే. అది పట్టుకుని ఒక పిల్లాడు వంటగదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. లోపల పొయ్యి మీద పాలున్నాయి. తర్వాత మీరేం రాసుకున్నా సరే. ముందు మీ సాయం కావాలి.”

మేడం ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. సంచి కింద పెట్టింది. “ఏం చెయ్యాలో చెప్పు.”

“పక్క సందులోకి వెళ్తే వంటగది కిటికీ. ఎత్తులో ఉంది, ఈ డబ్బా బోర్లించి ఎక్కండి. వాడేం చేస్తున్నాడో నాకు చెబుతూ ఉండండి. వాణ్ణి మాత్రం పిలవకండి. కిటికీ పొయ్యిగట్టు మీదే ఉంటుంది, పిలిస్తే మీ దగ్గరికి రావడానికి గట్టెక్కుతాడు.”

మేడం రంగుడబ్బా చంకలో పెట్టుకుని బయటికి పరుగెత్తింది. కోడలు పిల్లల వైపు తిరిగి, “రైలు” అంది. అంత మాటతో పిల్లలందరూ ఎక్కడివాళ్ళక్కడ లేచి, ఒకరి వెనక ఒకరు కూర్చుని, ముందువాళ్ళ చొక్కా పట్టుకున్నారు. మా ఇంట్లో పిల్లల్ని ఒక్కచోట ఉంచాలంటే అదే పద్ధతి. “నేను సిలిండరు కట్టేసి వస్తా” అని నాతో చెప్పి వీధిలోకి ఉరికింది. పిల్లలున్న ఇల్లని సిలిండరు మెట్ల కింద గూట్లో పెట్టించాం. గొట్టం గోడలోంచి లోపలికి వస్తుంది.

నడవలో నేనొక్కణ్ణీ మిగిలాను. మిగిలినవాణ్ణి ఊరికే ఉన్నానా? కింద పెట్టిన సంచి మీద మేడం వదిలేసిన పెన్ను కనబడింది. లావుగా, గట్టిగా, చూడటానికి కడ్డీలాగే ఉంది. కన్నంలోకి దూర్చాను. దూరింది. తిప్పాను. తాళం నాలుక కాస్త కదిలినట్టే అనిపించింది. ఇంకాస్త బలం పెట్టాను. టక్కుమంది. తలుపు కాదు, పెన్ను. సగం నా చేతిలో ఉంది, సగం కన్నంలో బిగుసుకుంది.

అప్పుడే మాడు వాసన మొదలైంది.

కోడలు ఆయాసపడుతూ వచ్చింది. “కట్టేశాను” అంటూనే కన్నం వైపు చూసింది. “ఇదేంటి మావయ్యా?”

“పెన్ను.”

“ఎవరిది?”

“మేడంది.”

కోడలు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. “మీరెళ్ళి రైలుకి ఇంజనుగా కూర్చోండి. కదలకండి. ఇంజను కదిలితే డబ్బాలన్నీ కదులుతాయి.”

అలా ఈ వయసులో నేను ఇంజననయ్యాను. వెనక నుంచి ఒక చిన్న చెయ్యి నా చొక్కా గట్టిగా పట్టుకుంది. అక్కడి నుంచి నాకు తలుపు కనబడుతుంది, కోడలు కనబడుతుంది. వంటగది లోపల ఏం జరుగుతోందో మాత్రం కిటికీ అవతల నుంచి మేడం చెప్పాల్సిందే.

“మంట ఆరిపోయింది” అని వినబడింది మేడం గొంతు. “పాలు పొంగి గట్టు మీంచి కారుతున్నాయి.”

“వాడెక్కడున్నాడు?”

“గట్టు కిందే. కారుతున్న పాలకేసి చూస్తున్నాడు. చెయ్యి చాస్తున్నాడు.”

కోడలు నేలమీద బోర్లా పడుకుంది. తలుపు కింద సందులో నోరు పెట్టింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. రోజూ సాయంత్రం పిల్లల్ని ఇళ్ళకు పంపే ముందు మాట్లాడే గొంతుతోనే పలికింది.

“మేనేజర్ గారూ. ఇక్కడొక కన్నం ఖాళీగా ఉంది. ఎవరూ నింపలేదు.”

“చెయ్యి ఆపాడు” అంది మేడం.

ఖాళీ కన్నం అంటే ఏమిటో మీకు చెప్పాలి. కోడలు ఒక పెద్ద అట్టపెట్టె మూతకి గుండ్రంగా, చదరంగా, మూడు మూలలుగా కన్నాలు కోసి పెట్టింది. సీసా మూతలు, విరిగిన చెక్కముక్కలు, ఏ కన్నానికి సరిపోయేది ఆ కన్నంలో పెట్టాలి. అన్నీ నిండితేగానీ ఎవరూ ఇంటికి కదలకూడదు. నిండాయో లేదో చూసేది మేనేజరే. ఒక్కటి ఖాళీగా ఉన్నా వాడికి మనసొప్పదు. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి పిలిచినా వెళ్ళడు.

“తలుపు వైపు తిరిగాడు. వస్తున్నాడు” అంది మేడం. “ఆగాడు. నేలంతా పాలే. ఆవిరి లేస్తోంది.”

“మేనేజర్ గారూ, నేల తడిగా ఉంటే మనం ఎలా నడుస్తాం?”

రైల్లో ఒక డబ్బా ఏడుపు మొదలుపెట్టింది. నేను వెనక్కి చెయ్యి పెట్టి ఆ చిన్న కాలు పట్టుకున్నాను.

“గోడ పట్టుకున్నాడు” అంది మేడం. “గోడ వెంటే వస్తున్నాడు. నెమ్మదిగా. ఒక కాలు పాలల్లో పడింది. తీసేశాడు. ఇదిగో, తలుపు దగ్గరికి వచ్చాడు. ఇక నాకు వాడి తలే కనబడుతోంది.”

తలుపు చెక్క మీద ఇనుము గీరిన చప్పుడు. ఒకసారి కింద, ఒకసారి పక్కన. కోడలు లేచి మోకాళ్ళ మీద కూర్చుని, కన్నానికి కన్ను ఆనించింది. పెన్నుముక్క అడ్డం ఉంది, ఏం కనబడుతుంది. “ఇంకా పైన, మేనేజర్ గారూ. బుగ్గ దగ్గర కాదు. నెత్తి మీద.”

“తల పైకి లేచింది, మునివేళ్ళ మీద నిలబడ్డట్టున్నాడు” అంది మేడం.

ఖంగుమని నేలమీద పడింది హ్యాండిల్. కోడలు పెదవి కొరుక్కుంది గానీ గొంతు మారనివ్వలేదు. “పడితే ఏం చేస్తాం? తీసుకుంటాం.” అది మళ్ళీ వాడి చేతికి వచ్చేలోపు నేను మొక్కని దేవుడు లేడు, పెట్టని ఆన లేదు. మళ్ళీ గీరిన చప్పుడు. ఆగింది. ఏదో సర్దుకున్నట్టు, చిన్నగా, కిర్రుమంది.

పెన్నుముక్క కదిలింది. కొంచెం బయటికి వచ్చింది. ఇంకొంచెం వచ్చింది. ఆ తర్వాత జారి కోడలి ఒళ్ళో పడింది. దాని చోట కడ్డీ మొన కనబడింది, నాలుగు పలకలూ మెరుస్తూ.

“ఇప్పుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని వేలాడండి. ఊయల ఊగుతాం చూడండి, అలాగ.”

లోపల నాలుక వెనక్కి జారింది. కోడలు తలుపు మీద అరచెయ్యి ఆనించి, కోడిపిల్లను తోసినట్టు తోసింది. తలుపుతో పాటు హ్యాండిల్‌కి వేలాడుతూ వాడు కూడా వెనక్కి జరిగాడు. ఒక్క ఊపులో కోడలు వాణ్ణి ఎత్తేసుకుంది.

వాడు కోడలి భుజం మీంచి మా అందర్నీ ఒకసారి చూసి, “తలుపు కొట్టి రావాలి” అన్నాడు గంభీరంగా. ఇంజనూ డబ్బాలూ అన్నీ ఒక్కసారి నవ్వాయి.

వాడి మడమ దగ్గర చిన్న ఎర్రమచ్చ. కోడలు వాణ్ణి కొళాయి కింద కూర్చోబెట్టి, ఆ మడమ మీద చల్లటి నీళ్ళు ధారగా పోస్తూనే ఉంది. నీళ్ళు వృథా అవుతున్నాయని ఆ పూట ఎవరూ అనలేదు.

మేడం సందులోంచి తిరిగి వచ్చింది. చేతులకు గోడసున్నం, మోచేతికి గీత. హాల్లో పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుంది. మోకాళ్ళు గడ్డానికి వచ్చాయి. అయినా ఆ కుర్చీలో ఆవిడ పొట్టిగా కనబడలేదు.

“నా పెన్ను” అంది.

రెండు ముక్కలూ చేతిలో పెట్టాను. సిరా ఉన్న ముక్కను ఏరుకుంది. రెండో చెయ్యి చాపి హ్యాండిల్ ఇమ్మంది. దారాన్ని వేలికి చుట్టుకుంటూ మాట్లాడింది.

“స్నానాలగది తలుపుకి ఎర్రదారం చూశాను. పడకగది తలుపుకీ ఎర్రదారం చూశాను. మీ ఇంట్లో హ్యాండిళ్ళన్నిటికీ దారాలు కడతారు కాబోలు అనుకున్నాను. ఎవరిదీ ఆలోచన?”

“నాదే మేడం” అంది కోడలు. “ఇల్లు నా పేరు మీద నడుస్తోంది. ఏదైనా నాదే.”

ఇక్కడ మీతో ఒక మాట. మొదట్లో నేను కోసిన కోతలు ఉన్నాయి కదా, గోడ మీద రాసుకున్నవాళ్ళు కాస్త తుడిచేసుకోండి. దుప్పట్ల చాపలు కోడలివి. స్నానం నీళ్ళు కోడలివి. ఒకే గదిలో పడక, అట్టపెట్టె లారీలు, అంగడి కట్టేసే వేళకు వెళ్ళి కూరలు తేవడం, అన్నీ కోడలివే. చాపలు కుట్టిన రోజున ‘మనకేం ఖర్మ’ అని మూతి ముడుచుకున్నది కూడా నేనే. అగ్గిపుల్ల చీల్చబోయి వేలు కోసుకున్నాను. కొళాయిని మా వాడు బాగుచేశాడు, నేను చూడటం వరకే. ఈ ఇంటి పొదుపులో నా సొంతమంటూ ఒకే ఒక్కటి ఉంది. అది దారంతో సహా ఇప్పుడు మేడం వేలికి వేలాడుతోంది.

“ఆ అమ్మాయిది కాదు, నాదండి” అన్నాను. “తనది అయ్యుంటే పనిచేసేది.”

మేడం నవ్వలేదు. “పిల్లాణ్ణి బయటికి రప్పించిన తీరు చూశాను. అది కూడా రాస్తాను. కానీ లోపల ఇరుక్కున్నది ఎందుకో అది ముందు రాయాలి.” కోడలి వైపు తిరిగింది. “వీడి తల్లి ఎప్పుడొస్తుంది?”

“సాయంత్రం, బస్సు డ్యూటీ దిగాక.”

“నేను ఇక్కడే కూర్చుంటాను. జరిగింది జరిగినట్టు ఆవిడకి నువ్వే చెప్పు. అంతా విన్నాక కూడా రేపు పిల్లాణ్ణి ఇక్కడే వదులుతానని ఆవిడ అంటే, తాళాలు మార్చుకోవడానికి గడువిస్తాను. వదలనంటే, రేపటి నుంచి ఈ ఇంట్లోకి పరాయి పిల్లలు రాకూడదు. ఒక్కరు కూడా.”

కోడలు సరేనని తల ఊపి, వంటగది కడగడానికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. గట్టు మీద పాలు అట్టగట్టి ఉన్నాయి. తను గీకుతోంది.

“అమ్మాయ్, కండక్టరమ్మ సంగతి నీకు తెలుసు. చిల్లర లేదన్నవాణ్ణి నడిరోడ్డు మీద దించేసే మనిషి. కాస్త మెత్తగా చెబుదాం.”

“మెత్తగా అంటే?”

“గాలికి తలుపు పడింది, వెంటనే తీశాం అని. వాడికి వచ్చిన మాటలెన్ని? వాడేం సాక్ష్యం చెబుతాడు?”

కోడలు గీకడం ఆపలేదు. “మావయ్యా, సబ్బు తగ్గించాను. కరెంటు తగ్గించాను. నేను కట్టుకునే బట్టలు తగ్గించుకున్నాను. ఆవిడ కొడుకు విషయంలో ఆవిడకి చెప్పేది కూడా తగ్గించమంటారా?”

“మరి ఇల్లు ఎలా గడుస్తుంది?”

“తెలీదు.”

“మా వాడికి ఏం చెబుతాం?”

“అదీ తెలీదు. మీరు కాస్త పక్కకి జరగండి, కాళ్ళకింద పాలున్నాయి.”

జరిగాను. తన చేతిలో గిన్నె గట్టుకి టకటకా కొట్టుకుంటోంది. నేను చూస్తున్నానని తెలిసి ఆ గిన్నెను నీళ్ళలో ముంచేసింది.

ఆ మధ్యాహ్నం ఎలా గడిచిందో చెప్పడం నావల్ల కాదు. మేడం కుర్చీ మారలేదు. వంటగది తలుపు ఊడబెరికి గోడకి ఆనించేద్దామని నేను తెగించాను గానీ, మేకులు నా మాట వినలేదు. మేనేజరు ఆ పూట ఎవరి కంచమూ చూడలేదు. కోడలు ఎక్కడ కూర్చుంటే అక్కడే, తన ఒళ్ళో కూర్చున్నాడు. సాయంత్రమయ్యేసరికి తల్లులు ఒక్కొక్కరే వచ్చారు. ప్రతి ఒక్కరినీ కోడలు గుమ్మంలో నిలబెట్టి చెప్పింది, తలుపు సంగతీ, హ్యాండిల్ సంగతీ. ఒకావిడ నోరు నొక్కుకుంది. ఒకావిడ వంటగది దాకా వెళ్ళి చూసి వచ్చింది. రేపు వస్తామని గానీ రామని గానీ ఎవరూ అనలేదు. కండక్టరమ్మ ఏమంటుందో చూసి తేల్చుకుందామన్నట్టు, పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయారు.

చివరికి మేనేజరు ఒక్కడు మిగిలాడు. బెల్లు మోగింది.

కండక్టరమ్మ టికెట్ల సంచి భుజం మీంచి దించకుండానే లోపలికి వచ్చింది. పొట్టి కుర్చీలో కూర్చున్న మేడాన్ని చూసింది. “ఎవరీవిడ?”

“ఆఫీసు నుంచి వచ్చారక్కా. కూర్చో, నీతో ఒక విషయం చెప్పాలి.”

“నిలబడే చెప్పు. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నా, ఇంకాసేపు నిలబడితే విరిగిపోను. ముందు నా కొడుకునియ్యి.”

కోడలు ఇచ్చింది. వాడు తల్లి మెడలో మొహం దాచుకున్నాడు. ఆవిడ వాడి వీపు నిమిరి, అలవాటుగా కాళ్ళు తడిమి, మడమ దగ్గర ఆగింది. వెలుగులోకి తిప్పి చూసింది.

“ఇదేంటి?”

మేడం పెన్నుముక్క తీసింది. కోడలు గొంతు సవరించుకుంది.

ఇక్కడ నేను కాస్త ఆగాలి. ఇంతవరకూ చెప్పినదంతా జరిగిందే. మేడం డబ్బా ఎక్కడం జరిగింది, పెన్ను విరగడం జరిగింది, నేను ఇంజనుగా కూర్చోవడం కూడా జరిగింది. ఒక్కటి మాత్రం నేను కల్పించాను. తలుపు తెరుచుకున్నప్పుడు వాడు “తలుపు కొట్టి రావాలి” అనలేదు. ఎవరూ నవ్వలేదు. వాడు కోడలి మెడ రెండు చేతులా పట్టుకుని, నోరు తెరిచి, శబ్దం లేకుండా ఏడ్చాడు. ఆ తర్వాత పగలంతా ఒక్క మాట మాట్లాడలేదు. అలా రాయడానికి చెయ్యి రాక, ఆ మాట నేను వాడి నోట్లో పెట్టాను.

వాడు నిజంగా నోరు విప్పింది ఇప్పుడు, వాళ్ళమ్మ చంకలో, కోడలు ఇంకా మొదటి మాట అనకముందే. మెడలోంచి మొహం తీసి, గది అంతా వెతికి, నా వైపు వేలు చూపించాడు.

“తాత” అన్నాడు.